త్రాసు లేని గోపూజ

2023వ సంవత్సరమున బ్రెజిలు దేశపు వేలములో వియాటినా-19 అను ఆవుయొక్క మూడవవంతు వాటా అమ్ముడుపోయెను. ఆ ధరనుబట్టి ఆవు మొత్తము విలువ 2 కోట్ల 10 లక్షల రెయాలులని లెక్క తేలెను. దాని జాతి నెలోరె. అనగా మన నెల్లూరే. దాని పూర్వులు ఒంగోలు సీమనుండి ఓడలెక్కి పోయినవి. ఈ వార్త విని మీసము దువ్వని ఆంధ్రుడు లేడు. మేము మాత్రము తల వంచుకొంటిమి.

ఏల యందురా? బ్రెజిలువారు దోచుకొనలేదు. మనమమ్మితిమి, వారు కొనిరి. 1960వ దశకమున కొనిపోయిన ఆంబోతునకు కరవది యని మన పల్లెపేరే నిలుపుకొనిరి. ముడిఖనిజమును ఓడకెక్కించి పంపుటకంటె ఇచ్చటనే ఉక్కుగా మార్చుకొనుట మేలని 1966లో విశాఖపట్టణము వీథులకెక్కి ప్రాణములొడ్డి చాటినది. ఇనుము విషయమున నెరిగిన న్యాయమును గోవు విషయమున మరచితిమి గదా!

ఒకే మందలో ఒకే మేత మేసిన దూడలలో ఒకటి ఏపుగా నెదుగును, మరియొకటి గిడసబారును. అందు కొంత తల్లిపాలది, కొంత రోగములది, కొంత తలిదండ్రులిచ్చిన జన్యువులది. దేనిపాలెంతయో తెలియుటకు బరువులు వ్రాసిన పుస్తకము కావలెను. బ్రెజిలువారు దూడలను పుట్టినపుడు, పాలు మాన్పినపుడు, ఏడాది నిండినపుడు తూచి వ్రాసిరి. కనుకనే 14వ క్రోమోజోమున ప్లాగ్-1 అను జన్యువుచెంతనున్న భేదములకును నెలోరె దూడల పుట్టుకబరువునకును గల సంబంధము 2013లో వెల్లడియైనది. పెరుగుదల ఒక్క జన్యువు పని కాదు. అనేక జన్యువులు తలా కొంచెము చేయు పని. అందుచే పదిదూడల లెక్క చాలదు, వేలదూడల లెక్క కావలెను.

సాధనములు లేవనరాదు. దేశవాళీ పశువులకై హైదరాబాదులోని జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థ రూపొందించిన ఇండిగౌ చిప్పు 2021 ఆగస్టులో వెలువడెను. అది 11,496 జన్యుగుర్తులను చదువగలదు. కాని బరువుతో జతపడని గుర్తు అర్థము తెలియని అక్షరము వంటిది. లాం, చదలవాడ క్షేత్రముల మందలు మాత్రమే దీనికి చాలునా? రైతు కొట్టములోని దూడ ఏ పుస్తకమునకెక్కుచున్నది?

గోమాతను తూచుట అపచారమని కొందరందురు. ఆసుపత్రిలో కన్నబిడ్డను తూపించుకొనిన తల్లి యే యపచారము చేసినది? సింహాద్రి అప్పన్నకు కోడెదూడను మ్రొక్కుకొను భక్తి మనకు కలదు. ఆ భక్తికి లెక్క తోడు కావలెను.

పశువుల చెవులకు 12 అంకెల బిళ్లలు వేయుచునే యున్నారు. ఆ సంఖ్యప్రక్కన తండ్రి ఆంబోతు గుర్తును, దూడ బరువును వ్రాయుటకు అడ్డమేమి? త్రాసు లేనిచోట రొమ్ముచుట్టును టేపుతో కొలిచి బరువు నంచనా కట్టవచ్చును. గ్రామగ్రామమున పశువైద్యశాలకొక త్రాసు, ఒక పుస్తకము: మేము ప్రభుత్వమునడుగునది ఇంతియే. ఇదియు చేయలేనిచో, మన ఒంగోలు జాతి ఘనతను రేపు మనము బ్రెజిలు పుస్తకములలోనే చదువుకొనవలసివచ్చును.