ఎనిమిది కోర్లు, రెండు లిపులు

కొత్త కంప్యూటర్ కొన్నామని తెలిసిందో లేదో, మా ఇంటికి మష్వరాలు ఇచ్చేవాళ్లు క్యూ కట్టారు. ఎనిమిది కోర్ల ప్రాసెసర్, పదహారు జీబీ ర్యామ్. పైసా పైసా కూడబెట్టి కొన్నది. దుకాణందారు డబ్బా కడుతూ, "విండోస్ ముఫ్త్‌గా వేసిస్తా సాబ్, అందరూ వేయించుకునేదే" అన్నాడు. ముఫ్త్ అంటే లైసెన్స్ లేని కాపీ. పక్కింటి చెట్టు జామకాయ కోస్తే పిల్లల చెవి మెలిపెడతాం. అదే పిల్లల కంప్యూటర్లో చోరీ మాల్ వేయించి "సబ్ చల్తా హై" అంటాం. హలాల్ కమాయి గురించి అంత మాట్లాడే మనం దీన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోమో నాకెప్పుడూ అర్థం కాదు. లైసెన్స్ కొనే స్తోమత ఉంటే కొనండి, ఐబ్ ఏమీ లేదు. లేకపోతే లినక్స్ ఉంది.

ఏ లినక్స్ అన్న దగ్గరే బహస్ మొదలవుతుంది. మా ఆపా కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు. "మామూ, మల్టీకోర్ మెషీన్‌కు మామూలు డిస్ట్రో ఏం సరిపోతుంది? జెంటూ వేద్దాం. ప్రతి ప్రోగ్రామూ మన ప్రాసెసర్‌కు తగ్గట్టు కంపైల్ చేసుకోవచ్చు" అన్నాడు. వాడి షౌక్‌ను కాదనను. కానీ ఇదొక గలత్‌ఫహ్మీ. ఒకటికి మించిన ప్రాసెసర్లను నడపడం లినక్స్ కెర్నెల్ 1996లో వచ్చిన 2.0 నాటికే నేర్చుకుంది. ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్... పై లిబాస్ ఏదైనా లోపలి జాన్ ఆ కెర్నెలే. ఎనిమిది కోర్లకని వేరే డిస్ట్రో అక్కర్లేదు.

ఇంకో మాట. కోర్లు ఎనిమిదైతే పని ఎనిమిది రెట్లు జల్దీ అవుతుందనుకోకండి. వలీమా వంట దగ్గర చూడండి. ఉల్లిగడ్డలు కోయడానికి ఎనిమిది మంది కూర్చుంటే కోత తొందరగా అయిపోతుంది. దేగ్చాకు దమ్ పెట్టాక మాత్రం ఎనిమిది మందీ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. 1967లో జీన్ అమ్దాల్ చెప్పిన లెక్క ఇదే. పంచుకోలేని పని ఎంతుందో అదే మొత్తం వేగాన్ని పట్టి ఆపుతుంది. వీడియో ఎడిటింగ్‌లో కోర్లన్నీ చెమటోడుస్తాయి. నేను ఆర్టికల్ టైప్ చేస్తుంటే ఒకటి పనిచేస్తుంది, మిగతావి ఆరామ్‌గా పడుకుంటాయి.

అసలు తేడా కెర్నెల్ వయసులో ఉంది. 2021లో వచ్చిన ఇంటెల్ పన్నెండో తరం నుంచి చాలా ప్రాసెసర్లలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిసి ఉంటున్నాయి. ఏ పని ఎవరికివ్వాలో పాత కెర్నెల్‌కు సరిగా తెలియదు. కొత్త వైఫై చిప్‌ను కూడా గుర్తుపట్టకపోవచ్చు. మార్కెట్లోకి నిన్న దిగిన మెషీన్ అయితే ఫెడోరా మంచిది. అయితే అది ఆరు నెలలకోసారి కొత్తగా వస్తుంది, ఒక్కో వెర్షన్‌కు మద్దతు పదమూడు నెలలే. ఇంట్లో ఆ పని చూసే మనిషి ఉండాలి. మా భాంజా హాస్టల్‌కు వెళ్లాక జెంటూని ఎవరు సంభాళిస్తారు? బేగమా?

నాకు డిస్ట్రోను తేల్చింది కోర్లు కాదు, లిపులు. మా ఇంట్లో అబ్బాజాన్ ఉర్దూ తప్ప చదవరు. పిల్లలు తెలుగు మీడియం, అలిఫ్-బే దగ్గరే ఆగిపోయారు. మధ్యలో నేను. రెండూ ఒకే స్క్రీన్ మీద సరిగా రావాలి. ఈ విషయంలో లినక్స్ నన్ను హైరాన్ చేసింది. ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో తెలుగు ఒత్తుల్నీ, ఉర్దూ మలుపుల్నీ కూర్చే పనిముట్టు ఒకటే. పేరు హర్ఫ్‌బజ్. ఫార్సీ హర్ఫ్, బాజ్ కలిపి పెట్టిన పేరు. అక్కడ బాజ్ అంటే తెరిచి ఉన్నది. మన ఉర్దూ చెవికి మాత్రం పతంగ్‌బాజ్, కబూతర్‌బాజ్‌లా అక్షరాలతో ఆడుకునేవాడనిపిస్తుంది! నోటో నస్తలీఖ్ ఉర్దూ ఫాంట్ వేసుకోవాలి. లేకపోతే ఉర్దూ నస్ఖ్‌లో కనిపిస్తుంది. చదవొచ్చు గానీ, అబ్బా "ఇది అరబీలా ఉంది" అని ముఖం చిట్లిస్తారు.

చిక్కు పాత ఫైళ్ల దగ్గర వచ్చింది. నేను పత్రికలో రాసినవి అను ఫాంట్లలో, అబ్బా చెబుతుంటే రాసుకున్న ఆయన యాద్‌దాష్త్ ఇన్‌పేజ్‌లో. రెండూ విండోస్ కోసం తయారైనవి, ఫైళ్లూ యూనికోడ్‌లో లేవు. ఆ ఫాంట్ లేని చోట తెలుగు పిచ్చిగీతలుగా మారుతుంది, ఇన్‌పేజ్ ఫైల్ తెరుచుకోనే తెరుచుకోదు. పిల్లల కోసం దాచిన దాదా మాటలు ఒక ప్రోగ్రాం చేతిలో ఖైదీ అన్నమాట. మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చాక హమ్జాలు, యేలు మళ్లీ కంటితో దిద్దుకోవాలి.

చివరికి లినక్స్ మింట్ వేశాను. ఉబుంటు దీర్ఘకాల వెర్షన్ మీద కట్టింది, మద్దతు ఏళ్ల తరబడి వస్తుంది, కిటికీలు, మెనూలు పిల్లలకు అలవాటైన చోటే ఉంటాయి. మీరైనా సరే, వేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. వైఫై, శబ్దం, ప్రింటర్ చూడండి. ఒక వాక్యం తెలుగులో, ఒకటి ఉర్దూలో టైప్ చేయండి. అప్పుడే ఫైసలా చేయండి.

పాత కంప్యూటర్‌ను ఇంకా అమ్మలేదు. రోజూ ఇషా తర్వాత అబ్బా యాద్‌దాష్త్ రెండు పేజీలు దాంట్లోంచి తీసి, కొత్తదాంట్లో దిద్ది, కింద తెలుగులో రాస్తున్నాను. పెద్దమ్మాయి పక్కన కూర్చుని చదువుతోంది. ముప్పై ఏడు పేజీలయ్యాయి.