శాలువాలు చాలించండి

ఊరి చరిత్ర రాసినవాడికి మనం ఇచ్చేది ఒక్కటే: శాలువా. అదీ ఎనభై దాటి, చెవులు సరిగా వినపడనప్పుడు. ముఖ్య అతిథి వచ్చేదాకా మూడు గంటలు వేదిక మీద కూర్చోబెడతాం. పుస్తకం పేరు తప్పు చదువుతాం. భుజాల మీద కప్పి, ఫొటో దిగి పోతాం. ఆ పెద్దాయన బీరువా నిండా శాలువాలే. ఆయన పుస్తకం మాత్రం బజారులో దొరకదు.

నాగర్‌కర్నూలు కపిలవాయి లింగమూర్తిగారినే తీసుకోండి. 1928లో జినుకుంటలో పుట్టారు. పాలెం ప్రాచ్య కళాశాలలో పాఠాలు చెప్పారు. గుడి, శాసనం, స్థలపురాణం, ముసలమ్మ నోటి మాట, దేన్నీ వదల్లేదు. ‘పాలమూరు జిల్లా దేవాలయాలు’ రాశారు. పల్లెజనం నోట నలిగిన సంస్కృత పదాలను పట్టి ‘పామర సంస్కృతం’ రాశారు. తెలుగు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చేనాటికి ఆయనకు ఎనభై దాటాయి. 2018లో వెళ్లిపోయారు. ఆయన తిరిగిన ఊళ్ల బడిపిల్లల్ని ఆయన పేరు అడిగి చూడండి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదట! పనికిరాక కాదు, మనకు నమలడం చేతకాక.

ఇలాంటివారి పేరెత్తితే ‘ఆయనా? స్థానిక చరిత్రకారుడు’ అని పెదవి విరిచే పండితులున్నారు. పట్టా లేదు, పద్ధతి లేదు అంటారు. ఆ పెదవే రేపు ఆయన సేకరణను తన సిద్ధాంత వ్యాసంలో వల్లిస్తుంది, పేరు మాత్రం మింగేస్తుంది.

ఈ జబ్బు కొత్తది కాదు. ఊరూరి చరిత్ర రాసిన కాగితాలు, కైఫీయతులు, అనగానే వాటిని పోగుచేయించిన మెకంజీ దొర అంటాం. ఆ దొరకు భాషై, కాలై, కన్నై పనిచేసింది కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య. 1821లో దొర పోయాక ఆ సేకరణను ఈస్టిండియా కంపెనీ 10,000 పౌండ్లకు కొన్నది. కాగితాలకు ధర కట్టారు, సేకరించినవాడికి కట్టలేదు. ఆ పని నేను సాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, దేశీయుడికి అంత శక్తి లేదని తేల్చారు కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు. దొరలు పోయారు, ఆ తీర్పు మన దగ్గరే ఉండిపోయింది.

స్థానిక రచయితల రాతల్లో తప్పులుంటాయి, కాదనను. పుక్కిటి పురాణాన్ని చరిత్రగా నమ్మిన చోట్లుంటాయి. దిద్దండి! దిద్దాలంటే ముందు చదవాలి గదా.

రాసేవాడి గతి ఇది. పాడేవాడి గతో? కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చి చప్పట్లు కొట్టాం. రెండేళ్లు దాటాయో లేదో, ఆయన కూలిపనికి పోతున్న ఫొటో పేపర్లో చూసి ‘అయ్యో’ అన్నాం. మన అభిమానం ఆయుర్దాయం అంతే.

ఇంతకంటే చెయ్యడానికి డబ్బుల్లేవనకండి. మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నే. ఆ సొమ్ముతో ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఆ జిల్లా రచయితలకు ఒక బీరువా పెట్టలేమా? పెద్దాయన బతికుండగానే ఆయన నోటుబుక్కులు, క్యాసెట్లు వెలకట్టి కొని, నకలు తీసి దాచలేమా? లేకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. పెద్దకర్మ ముగుస్తుంది. ఇల్లు ఖాళీ చెయ్యాలి. పాత పేపర్లతోపాటు ఆ కట్టలూ తక్కెడ ఎక్కుతాయి. యాభై ఏళ్ల తిరుగుడు, కిలోల లెక్కన. కొడుకును తిట్టకండి. ఆ కట్టల విలువ అతనికి చెప్పినవాడెవడు? అతను చూసిందల్లా మీరు కప్పిన శాలువాలే.

ఈసారి సన్మానానికి వస్తే శాలువా తేకండి. సంచీ తెచ్చుకోండి, పుస్తకాలు కొని మోసుకుపోవడానికి.