స్త్రీల కేశపతనము: చింత కారణమా, ఫలమా?

ఆరోగ్య విషయములను ఆంగ్లమునుండి తెలుగులోనికి మార్చు పనిలో నున్నవారికి ఒక్కొక్కప్పుడు చిన్న మాటలే పెద్ద చిక్కులు తెచ్చిపెట్టును. 'స్ట్రెస్' అట్టి మాట. దానిని 'ఒత్తిడి' యని వ్రాసి ముందునకు సాగుట సులభము. కాని స్త్రీల జుట్టు రాలుటకు ఒత్తిడి యొక కారణమని తెలుగున వ్రాసినపుడు చదువరులు దానిని దిగులనియు, బెంగయనియు, అక్కరలేని ఆలోచనలనియు గ్రహింతురు. పిమ్మట ఇంటిలోనివారు ఆమెతో ననుమాట యొక్కటే: "ఊరికే ఆలోచించడం మానుకో, జుట్టు అదే నిలుస్తుంది." వ్యాధికి దారి చూపవలసిన మాట ఆమెపై నిందగా మారును.

వైద్యశాస్త్రమున ఆ మాటకు గల అర్థము ఇంతకంటె విశాలమైనది. శరీరమునకు తగిలిన పెద్ద దెబ్బ యేదైనను ఒత్తిడియే. విడువని టైఫాయిడు జ్వరము, డెంగీ, కాన్పు, రక్తము విశేషముగా పోవుట, శస్త్రచికిత్స, బరువు తగ్గవలెనని ఒక్కసారిగా తిండి మానివేయుట, ఇవన్నియు ఆ కోవలోనివే. దుఃఖము, నిద్రలేమి, ఎడతెగని భయము కూడ ఆ వరుసలో చేరును గాని, వానినే మొదట నిలువబెట్టుట న్యాయము కాదు.

ఇది ఎట్లు జరుగునో కొంచెము వివరింపవలసి యున్నది. మనిషి తలపై సుమారు 1,00,000 వెండ్రుకలుండును. ప్రతి వెండ్రుకయు 2 మొదలు 6 సంవత్సరముల వరకు పెరిగి, తరువాత సుమారు 3 నెలలు విశ్రమించి రాలిపోవును. ఆ చోటనే క్రొత్తది మొలచును. ఆరోగ్యవంతురాలి తలపై నూటికి 85 నుండి 90 వెండ్రుకలు పెరుగుదశలో నుండును. దినమునకు 50 మొదలు 100 వరకు రాలుట సహజమే. శరీరమునకు దెబ్బ తగిలినపుడు, పెరుగుచున్న వెండ్రుకలలో పెక్కు ఒక్కసారిగా విశ్రాంతిదశకు పోవును. కాని అవి రాలునది ఆనాడు కాదు; రెండు మూడు నెలలు గడచిన తరువాత. అమెరికా దేశపు చర్మవైద్యుడు ఆల్బర్టు క్లిగ్‌మన్ 1961లో ఈ స్థితిని వర్ణించి దానికి 'టెలోజెన్ ఎఫ్లూవియం' అని పేరు పెట్టెను. దీనిని నేను 'విశ్రాంతదశా కేశపతనము' అని తెలుగు చేసితిని. ఇంతకంటె మంచి మాట ఎవరైన చెప్పినచో మార్చుకొనుటకు సిద్ధముగా నున్నాను.

ఆ రెండు మూడు నెలల ఎడమే మన స్త్రీలను మోసగించుచున్నది. జ్వరము తగ్గి, పథ్యము ముగిసి, మనిషి పనిపాటలలో పడినపిమ్మట ఒకనాడు దువ్వెన నిండ జుట్టు వచ్చును. అప్పుడామె జ్వరమును తలచుకొనదు. బావి నీటిని, క్రొత్త సబ్బును, నిన్న మొన్నటి కలతను తలచుకొనును. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ సోకి కోలుకొన్న స్త్రీలు అనేకులు ఇట్లే కలవరపడిరి. కనుక జుట్టు రాలుచున్న స్త్రీని మొదట అడుగవలసినది "మనసులో ఏముంది?" అని కాదు, "మూడు నెలల క్రిందట ఒంటికి ఏమైంది?" అని.

కాన్పు విషయమున మన పెద్దలు కొందరు ఒక మాట చెప్పుదురు: బిడ్డ ముఖము చూచి నవ్వనారంభించినపుడు తల్లి జుట్టు రాలునట. నవ్వునకును జుట్టునకును సంబంధము లేదు. అయినను కాలనిర్ణయములో ఆ పెద్దలు పొరబడలేదు. గర్భిణిగా నున్నపుడు ఈస్ట్రోజెన్ అను హార్మోను మిక్కుటముగా నుండి వెండ్రుకలను పెరుగుదశలోనే నిలిపియుంచును. అందుచేతనే ఆ నెలలలో జడ ఒత్తుగా కనబడును. కాన్పు కాగానే ఆ హార్మోను పడిపోవును. ఆగియున్న వెండ్రుకలు గుంపుగా విశ్రాంతికి పోయి, మూడవ నెల ప్రాంతమున రాలనారంభించును. అప్పటికి బిడ్డ నవ్వ నేర్చియుండును! చాలమందికి ఏడాది తిరుగునప్పటికి ఇది సర్దుకొనును. అయితే బాలింతకు పప్పు, ఆకుకూరలు, పండ్లు మాన్పించు పథ్యము విషయమున నేను పెద్దలతో ఏకీభవింపజాలను. రక్తము పోయి, పాలిచ్చుచున్న శరీరమునకు కావలసినది ఎక్కువ ఆహారము గాని తక్కువ కాదు.

రక్తహీనత మాట ఇక్కడనే చెప్పవలెను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. ఇనుము కొరత యొక్కటే జుట్టును ఎంతవరకు రాల్చునన్న విషయమున వైద్యులలో భిన్నాభిప్రాయములున్నవి. ఉండనిండు. జుట్టు కొరకు పరీక్షకు పోయిన స్త్రీకి రక్తహీనత బయటపడిన చాలు, ఆమె పోయిన దారి వృథా కాలేదు.

హార్మోనుల వలన కలుగు కేశపతనమునకు నడక వేరు. థైరాయిడు గ్రంథి మందగించినను, అతిగా పనిచేసినను జుట్టు పలుచబడును. మందగించినపుడు బడలిక, బరువు పెరుగుట, చలికి ఓర్వలేకుండుట, మలబద్ధకము తోడగును. వీనిని ఇంటిలో 'బద్ధకము' అని కొట్టివేయుదురు. పి.సి.ఓ.ఎస్. అను అండాశయ సంబంధమైన మరియొక స్థితి కలదు; షికాగో నగరమున స్టెయిన్, లెవెంథాల్ అను వైద్యులు 1935లో దీనిని వర్ణించిరి. ఇందు ఆండ్రోజెనులను హార్మోనులు హెచ్చి, నడినెత్తిన కుదుళ్లు క్రమముగా చిన్నవై, పాపిట వెడల్పగును. అదే సమయమున గడ్డముపై వెండ్రుకలు మొలవవచ్చును, ముట్టు నెలల తరబడి తప్పవచ్చును. ఇచ్చట నాకు మిక్కిలి బాధ కలిగించునది ఒకటున్నది. పెండ్లి కావలసిన పిల్లను జుట్టు కొరకు వైద్యునికి చూపుదురు గాని, ముట్టు తప్పుచున్నదని మాత్రము చెప్పరు. చెప్పిన సంబంధములు తప్పిపోవునని తల్లి భయము. వైద్యునికి అందవలసిన ముఖ్యమైన ఆనవాలు ఆ భయమునందే దాగిపోవుచున్నది.

పేనుకొరుకుడును గూర్చి రెండు మాటలు. నాణెమంత మేర నున్నగా జుట్టు పోవు ఈ వ్యాధిలో పేను కొరుకుట ఏమియు లేదు. శరీర రక్షకశక్తియే పొరబడి కుదుళ్లపై దాడి చేయుట దీనికి కారణము. ఘాటైన పూతలతో చర్మమును కాల్చుకొనక వైద్యునికి చూపవలెను.

మరి చింతకు జుట్టుతో సంబంధమే లేదా? లేదని నేననుటలేదు. 2021లో హార్వర్డు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకలపై జరిపిన ప్రయోగములలో, ఒత్తిడి వేళ పుట్టు హార్మోను వెండ్రుకల కుదుళ్లను దీర్ఘకాలము విశ్రాంతిలో నుంచుట కనబడినది. కాని మన సంఘమున చింత కారణమగుటకంటె ఫలమగుటే హెచ్చని నా అభిప్రాయము. జడ పొడవును బట్టి పెండ్లికూతురిని మెచ్చుకొనిన దేశమిది. భర్త పోయిన స్త్రీకి తల గొరిగించిన దేశము కూడ ఇదే. ఇట్టిచోట జుట్టు రాలుచున్న స్త్రీ సవరము పెట్టుకొని, పేరంటములకు పోవుట మాని, మూలనున్న అద్దమునకు భయపడుచుండగా, "నీ దిగులే దీనికి మూలము" అనుట పుండుపై కారము చల్లుటయే.

ఆ దిగులును సొమ్ము చేసికొనువారు పలువురు. బట్టతలను నయము చేయుననిగాని, క్రొత్త జుట్టు మొలపించుననిగాని ఏ మందును చెప్పుకొనరాదని 1945 నాటి ఔషధ నియమావళి 'జె' షెడ్యూలు నిషేధించుచున్నది. అయినను ప్రకటనలు ఆగలేదు. తలనూనె చిక్కులు తగ్గించి, దువ్వునపుడు వెండ్రుకలు తెగకుండ కొంత కాపాడును. థైరాయిడు లోపమును అది తీర్చజాలదు. బయోటిన్ మాత్రలు వాడుచున్నవారు ఆ సంగతి రక్తపరీక్షకు ముందే చెప్పవలెను, ఏలననగా అవి థైరాయిడు పరీక్షా ఫలితములను తారుమారు చేయగలవు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవునపుడు గత ఆరు నెలల జ్వరములు, కాన్పు, వాడిన మందులు, ముట్టు తేదీలు ఒక కాగితముపై వ్రాసికొని పొండు. హిమోగ్లోబిను, థైరాయిడు పరీక్షలను గూర్చి అడుగుడు. థైరాయిడు మాత్రను పరగడుపున వేసికొనవలెను. ఇనుపధాతువు మాత్రకును దానికిని నాలుగు గంటల ఎడముండవలెను. కుదుళ్లకు పూయు మినాక్సిడిల్ వంటి మందులు వైద్యుడు చెప్పినపుడే. గర్భిణులకు అసలే కూడదు.

ఈ విషయముపై నా కడకు వచ్చిన మూలపత్రములో ఆ చిన్న మాట ఏడు చోట్ల కలదు. ఏడు చోట్లను 'ఒత్తిడి'ని కొట్టివేసి, 'శరీరమునకు గాని మనస్సునకు గాని తగిలిన దెబ్బ' అని వ్రాసితిని. పుట కొలతకు మూడు పంక్తులు మించినవి.