ఆటలోని అంగడికిని ధర్మము కలదు

ఆన్‌లైన్ క్రీడానిర్వహణపు ఆటలలో ఆటగాండ్ర విపణి కూలుచున్నపుడు, దానిని కాలవైపరీత్యముగ నెంచి చేతులు ముడుచుకొని కూర్చుండుటయు, ఆదాయభంగము కలుగునను భీతిచే లెక్కలను మఱుగుపఱచి క్రొత్త యాశలు చూపుటయు, రెండును అపరాధములే యని మా నిశ్చితాభిప్రాయము. ఆ విపణిని సృజించిన సంస్థయే దాని యోగక్షేమములకు పూచీపడవలెను.

విజయవాడ, గుడివాడ, మచిలీపట్నము మొదలగు డెల్టా పట్టణముల యువకులకు క్రికెట్టుపై గల యనురాగము క్రొత్తది కాదు. బ్యాటు పట్టుటకంటె జట్టును నడపుటయందు మక్కువ గలవారికి ఈ యాటలు ఒక వ్యాసంగమైనవి. హైదరాబాదున రూపొందిన ‘హిట్‌వికెట్’ అను క్రికెట్ జట్టు నిర్వహణపు ఆట, 2020లో కేంద్రప్రభుత్వము జరిపిన ఆత్మనిర్భర్ భారత్ యాప్ పోటీలో ఆటల విభాగమున విజేతయగుట తెలుగువారికి గర్వకారణము. ఈ జాతి యాటలలో సాధారణముగ మేనేజరు ఒక కల్పిత క్లబ్బును చేపట్టి, పిన్నవయస్కుడైన ఆటగానిని వేలములో చౌకగ కొని, వారముల తరబడి తర్ఫీదునిచ్చి, ఆతడు రాణించిన పిమ్మట హెచ్చుధరకు విక్రయించి, ఆ సొమ్ముతో జీతములు చెల్లించి మైదానమును విస్తరించుకొనును. ఇది పిల్లల వేడుక, దీనికై సంపాదకీయమేల యని ప్రశ్నించువారు కలరు. నెలల తరబడి ఓర్పుతో లెక్కలు వేసి, ముందుచూపుతో జట్టును పెంచిన యువకుని శ్రమ అబద్ధము కాదు. అంగడి యనగా నేమియో, నమ్మకమనగా నేమియో ఆతడు మొదటిసారి నేర్చుకొనుచున్నది అచ్చటనే. ఆ తొలిపాఠము మోసపు పాఠము కారాదు.

ధరలు కూలుటకు మూలకారణము నిగూఢమైనది కాదు. ఆటలాడువారి సంఖ్య పెరుగుచున్న దినములలో ప్రతి క్లబ్బునకును క్రొత్త కుఱ్ఱవాండ్రను సృష్టించి యిచ్చు నియమము చక్కగా సాగును. ఆటలాడువారు తగ్గనారంభించిన పిమ్మటను అదే రీతిని ఆటగాండ్రు పుట్టుచుండినచో, అమ్మువారు పెక్కండ్రును కొనువారు కొందఱును అగుదురు. తర్ఫీదు పొందిన ఆటగానిని అమ్మి జీతములు చెల్లింపనెంచిన మేనేజరు దివాలా తీసి ఆటను విడుచును. ఆతనితో మఱియొక కొనుగోలుదారు తగ్గును. కొనువారు తగ్గినకొలది ధర మఱింత పడును. అంగడిని దాని మానాన విడువుడు, అది తనంతట సర్దుకొనునని వాదించువారు ఒక సత్యమును విస్మరించుచున్నారు. లోకమందలి క్రికెట్టులో ఏ యూర ఎవ్వడు పుట్టునో ఏ బోర్డును నిర్ణయింపజాలదు. ఈ యాటలలోనన్ననో ప్రతి యాటగాని జననమును, ప్రతి రూపాయి రాకపోకలును సంస్థ వ్రాసిన నియమమునకు లోబడినవే. సర్వమును తన చేతనుంచుకొనిన వాడు, పతనము వచ్చినపుడు మాత్రము తాను నిమిత్తమాత్రుడనని పలుకుట న్యాయము కాదు.

ప్రవాహమును నిర్వహించుట యెట్లో విజయవాడ వాసులకు ఒరులు చెప్పనక్కఱలేదు. 2024 సెప్టెంబరు ఆరంభమున ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినపుడు, ఎగువనుండి వచ్చునదెంత, దిగువకు పోవునదెంత యని అధికారులు ఎప్పటికప్పుడు ప్రకటించుచుండిరి. మొదటి ప్రమాదహెచ్చరిక, రెండవ ప్రమాదహెచ్చరిక యని క్రమముగ చాటి, లంకగ్రామములవారిని అప్రమత్తులను జేయుచుండిరి. వరదను ఎవ్వరును ఆపజాలకపోవచ్చును; దాని కొలతను దాచుటకు మాత్రము ఎవ్వరికిని అధికారము లేదు. ఆటల సంస్థలును ఈ మర్యాదనే పాటింపవలెను. ధర తగ్గుట తనంతట దోషము కాదు. క్రొత్తగ చేరిన మేనేజరునకు మంచి యాటగాడు చౌకగ దొరకుట మేలే. తెలియనీయక, ఒక్క రాత్రిలో తగ్గుటయే దోషము.

స్వీడనులో 1997లో ఆరంభమైన ‘హ్యాట్రిక్’ అను ఫుట్‌బాల్ నిర్వహణపు ఆటకు ఒకప్పుడు పది లక్షలకు చేరువగ సభ్యులుండిరి. తరువాత సంఖ్య బాగుగ తగ్గినను ఆ యాట నిలిచియున్నది. అందు ఆటగాని కొని వెంటనే అమ్మువానికి అమ్మకపు సొమ్ములో కోత హెచ్చుగ నుండును. ఆ యాటగానిని పెంచిన తొలి క్లబ్బునకు ప్రతి విక్రయములోను భాగము ముట్టును. బేరగాని తొందరకంటె పెంపకందారుని ఓర్పునకు విలువనిచ్చు ఇట్టి నియమములే విపణికి ఆయువు పోయును.

దీనికి విరుద్ధమైన దృష్టాంతము బ్రిటనులో జరిగినది. 2015లో ఆరంభమైన ‘ఫుట్‌బాల్ ఇండెక్స్’ ప్రసిద్ధ ఆటగాండ్ర పేర వాటాలు విక్రయించి, వారి ప్రతిభను బట్టి లాభాంశములు పంచుచుండెను. పేరు వాటాయే గాని, ఆచరణలో నది పందెమే. క్రొత్త సొమ్ము వచ్చుచున్నంతకాలము ధరలు పెరిగినవి. 2021 మార్చి 5న లాభాంశమును మిక్కిలి కుదింతునని సంస్థ ప్రకటించుటతోడనే వాటాల విలువ కుప్పకూలినది. ఆఱు దినములలో లైసెన్సు నిలుపుదలయైనది. దాదాపు 9 కోట్ల పౌండ్ల సొమ్ము చిక్కువడినది. నిజధనమును ఆటగాని ధరకు ముడిపెట్టినచో విపణి పతనము కుటుంబముల పతనముగ మాఱునని దీనివలన రుజువైనది.

కావున ధనముతోడి పందెపు ఆటలను నిషేధించిన శాసనములను మేము మనఃపూర్వకముగ సమర్థించుచున్నాము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020 సెప్టెంబరులో 1974 నాటి గేమింగ్ చట్టమును ఆర్డినెన్సు ద్వారా సవరించి మార్గము చూపెను. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన కేంద్రచట్టము, సొమ్ము ఒడ్డు ఆటలను దేశమంతట నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌నకును పందెము లేని సామాజిక క్రీడలకును ప్రోత్సాహము ప్రకటించెను. డ్రీమ్11 వంటి సంస్థ సైతము సొమ్ముపోటీలను మానుకొనెను. అయినను నిషేధముతో పని ముగియదు. ఈ నిర్వహణపు ఆటలవంటి సామాజిక క్రీడలు చందా పుచ్చుకొనుటకు చట్టము అనుమతించుచున్నది. చందా చెల్లించిన వానికి హక్కు లేదనుట యెట్లు?

మా కోరికలు స్పష్టమైనవి. చురుకుగ నున్న క్లబ్బులెన్ని, క్రొత్తగ పుట్టించిన ఆటగాండ్రెందఱు, చలామణిలోనున్న ఆటసొమ్మెంత యను మూడు లెక్కలను ప్రతి సీజనునందును సంస్థలు ప్రకటింపవలెను. ఆటలాడువారు తగ్గినచో కుఱ్ఱవాండ్ర సరఫరాను ఆ మేరకు తగ్గించి, పాడుపడిన క్లబ్బుల ఆటగాండ్రను వేలమున గుమ్మరింపక విరమింపజేయవలెను. ధరలను ప్రభావితము చేయు ఏ నిబంధనమార్పునైనను ఒక సీజను ముందుగ తెలుపవలెను. ధరలు పడుచున్నవేళ ఆటగాండ్ర ప్యాకులను రూపాయలకమ్మి లాభపడుట మానవలెను. ఆటసొమ్మును నిజధనముగ మార్చు ద్వారమును ఎన్నటికిని తెఱవరాదు. కేంద్రప్రభుత్వము సామాజిక క్రీడలకు గుర్తింపునిచ్చునపుడు వీనిని షరతులుగ విధింపవలెను.

యువ మేనేజర్లకును ఒక మాట. ధర పడగనే భయముచే జట్టునంతయు వేలమునకు పెట్టకుడు. ఆ తొందర పతనమును వేగిరపఱచును. మీకు ఆడుటకు పనికివచ్చు ఆటగానిని నిలుపుకొని, జీతముల భారమును తగ్గించుకొని, మీ సంస్థను లెక్కలడుగుడు. లెక్క చూపని యాటకు మీ కాలమునుగాని, మీ తల్లిదండ్రుల కష్టార్జితమునుగాని ధారపోయకుడు.