ఆదికి ముందేమున్నది?

కొన్ని సంవత్సరముల క్రిందట పదవ తరగతికి భౌతికశాస్త్రము బోధించుచు నేనొక తొందరపాటు చేసితిని. విశ్వము వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరములనియు, అది మిక్కిలి వేడియు సాంద్రతయు గల స్థితినుండి వ్యాపించుచు వచ్చినదనియు చెప్పి, అంతటితో ఊరకుండక, “చూచితిరా, ఆదికాండములోని మొదటి మాటను శాస్త్రజ్ఞులే ఋజువు చేసిరి” అంటిని. పిల్లలు సంతోషించిరి. నేనును సంతోషించితిని.

ఆ తరగతిలోని బాలుడొకడు ఇప్పుడు కళాశాలలో చదువుచున్నాడు. గడచిన క్రిస్మసు సెలవులలో మా యింటికి వచ్చి, “అయ్యా, మహావిస్ఫోటమునకు ముందు కూడ విశ్వముండి యుండవచ్చునని స్ట్రింగు థియరీ వారు వ్రాయుచున్నారు. అట్లయిన మీరు చెప్పిన ఋజువు ఏమైనట్లు?” అని యడిగెను. వాని మాటలో ఎగతాళి లేదు, దిగులున్నది. కొంతకాలముగా ఆరాధనకు పోవుట మానితినని కూడ తల వంచుకొని చెప్పెను. ఆ దిగులులో నా పాలు కొంత యున్నది గనుక, ఈ విషయమును గూర్చి నా యభిప్రాయమును తలిదండ్రుల యెదుటను తోడి యుపాధ్యాయుల యెదుటను ఉంచుట నా విధి యని తలంచుచున్నాను.

ముందుగా ఆ సిద్ధాంతమేమో చూతము. ఫిడేలు తీగె యొక్కటే. అది కంపించు తీరునుబట్టి పలు స్వరములు పుట్టును. అట్లే ఎలెక్ట్రాను, క్వార్కు మొదలగు మూలకణములన్నియు బిందువులు గాక, అత్యంత సూక్ష్మములైన తంతువుల వేర్వేరు కంపనములని ఈ సిద్ధాంతము చెప్పును. దీని పుట్టుక విచిత్రమైనది. 1968లో గబ్రియేల్ వెనెజియానో అను ఇటలీ దేశస్థుడు పరమాణు కేంద్రమునకు సంబంధించిన బలమును వివరించుటకై, 18వ శతాబ్దపు గణితజ్ఞుడైన ఆయిలరు సూత్రమునొకదానిని ఉపయోగించెను. అది కంపించు తంతువులను గూర్చిన సూత్రమని పిమ్మట గాని తేలలేదు. 1974లో షెర్క్, ష్వార్జ్ అను వారు ఆ కంపనములలో నొకటి గురుత్వాకర్షణను మోయు కణమునకు సరిపోవుచున్నదని చూపిరి. సౌలు గాడిదలను వెదకబోయి రాజ్యమును పొందినట్లు, వెదకినది ఒకటి, దొరికినది మరియొకటి.

ఈ తంతువులకు విశ్వారంభముతో పని యేమి? ఐన్‌స్టయిను సమీకరణములను పట్టుకొని కాలములో వెనుకకు పోయినచో, సమస్తమును ఒక బిందువులో అణగి సాంద్రత అనంతమగును. లెక్కలో అనంతము వచ్చినప్పుడు మన విద్యార్థి యెట్లు ఉలికిపడునో శాస్త్రజ్ఞుడును అట్లే ఉలికిపడును. అచ్చట సూత్రము పనిచేయుట మానినదని దాని యర్థము. తంతువునకు కొంత పొడవున్నది గనుక దానిని బిందువుగా అణచుటకు వీలులేదు. అంతేకాదు. గుండ్రముగా చుట్టుకొనియున్న దిక్కొకటి ఒకానొక కొలతకంటె చిన్నదగుచు పోయినచో, తంతువుల దృష్టికి అది మరల పెద్దదగుచున్నట్లే యుండును. కాబట్టి శూన్య పరిమాణమను మాట ఈ లెక్కలో తటస్థింపదు.

దీని నాధారము చేసికొని 1989లో బ్రాండెన్‌బర్గరు, వాఫా అను వారొక యూహ చెప్పిరి. ఈ సిద్ధాంతమునకు తొమ్మిది దిక్కులు కావలెను. మనకు కనబడునవి పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడే. తక్కినవేమైనవి? ఆదియందు తొమ్మిదియు చిన్నవే యనియు, బొంగరమునకు చుట్టిన త్రాడువలె తంతువులు వానిని బిగించి పెరుగనీయకుండెననియు వారు తలంచిరి. ఎదురెదురుగా చుట్టుకొనిన రెండు తంతువులు ఒకదానినొకటి తాకినచో ముడి వీడిపోవును. మూడు దిక్కులలో అవి సులభముగా కలిసికొనును. అంతకు మించిన చోట ఒకదానినొకటి తప్పిపోవును. అందుచేత మూడు మాత్రమే విప్పుకొని పెరిగెనట. సత్యమో కాదో గాని, చేతి వ్రేళ్లకు దారము చుట్టి పిల్లలకు చూపదగిన యూహ.

వెనెజియానోయే 1993లో గాస్పెరీనితో కలిసి, మహావిస్ఫోటమునకు ముందు చల్లనై పలుచనైన దీర్ఘకాలమొకటి యుండెనని ప్రతిపాదించెను. 2001లో స్టైన్‌హార్ట్, టురోక్ మొదలగు నలుగురు, రెండు లోకపు పొరలు ఢీకొనుటయే మహావిస్ఫోటమనిరి. 2003లో మరి నలుగురు, అందులో మన ముంబాయి టాటా పరిశోధనా సంస్థలోని సందీప్ త్రివేదీ యొకరు, నానాటికి వేగముగా వ్యాపించు మనవంటి విశ్వము ఈ సిద్ధాంతములో ఎట్లు నిలుచునో చూపజూచిరి. దానిపై వాదము నేటికిని ముగియలేదు.

వీనిలో నేదియు ఋజువు కాలేదు. అందుచేత ఇది శాస్త్రమే కాదని కొందరందురు. నేనట్లనను. పొరలు ఢీకొనిన పక్షమున ఆదికాలపు గురుత్వ తరంగముల జాడ ఆకాశములోని ప్రాచీన కాంతియందు దాదాపు ఉండరాదు. విశ్వము తొలి క్షణములో హఠాత్తుగా ఉబ్బినదను వాదము నిజమైనచో ఉండవచ్చును. తాను ఎచ్చట ఓడిపోవునో ముందుగా చెప్పు వాదమును కథ యనరాదు. అయితే ఓపిక కావలెను. 2014 మార్చిలో దక్షిణ ధ్రువమునందలి బైసెప్ దూరదర్శిని వారు ఆ జాడ దొరికినదని ప్రకటింపగా, నేనా వార్తను కత్తిరించి పాఠశాల గోడకు అంటించితిని. మరుసటి సంవత్సరము ప్లాంక్ ఉపగ్రహపు కొలతలతో కలిపి చూడగా, అందు చాలభాగము ఆకాశగంగలోని ధూళి యని తేలెను. కాగితము తీసివేసితిని గాని జిగురు మరక యింకను పోలేదు.

ఇక విశ్వాసపు మాట. విశ్వము ఒక ఆదిమ పరమాణువునుండి వచ్చెనని 1931లో వ్రాసిన లెమైత్రు బెల్జియము దేశపు కతోలిక గురువు. 1951లో పన్నెండవ పయస్ పోపు ఈ శాస్త్రమును సృష్టికి సాక్ష్యముగా కొనియాడగా అందరికంటె కలత పడినవాడు అతడే. తన సిద్ధాంతము మతవిషయములకు వెలుపల నున్నదని అతని మాట. 13వ శతాబ్దమున తోమా అక్వినాసు, లోకమునకు ఆది కలదనుట విశ్వాసమువలన తెలియునే గాని తర్కముచే నిరూపింపరానిదని వాదించెను. ఆది లేని లోకమైనను సృష్టికర్తనే ఆనుకొని యుండునని అతని తలంపు. అంతకు ముందే అగస్టీను ప్లేటో మతస్థుల పోలిక నొకదానిని చెప్పియున్నాడు: పాదము అనాదినుండి దుమ్ములోనే మోపబడి యున్నను, దాని క్రింది జాడకు పాదమే కారణము గదా.

లోకమునకు ఆది కలదని నేను నమ్ముచున్నాను. పరిశుద్ధ గ్రంథమునుబట్టి నమ్ముచున్నానే గాని దూరదర్శినినిబట్టి కాదు. సృష్టి యను మాటను మొదటి క్షణమునకు ముడివేసి, ఆ ముడిని భౌతికశాస్త్రపు మేకునకు తగిలించితిమా, మేకు కదలిన నాడు పిల్లవాడు దేనిని పట్టుకొనును? తంతు సిద్ధాంతముచే దేవుడు లేడని తేలినదనువారును అదే మేకును నమ్ముకొనుచున్నారు. మన తరగతి గదులలో “ఋజువైనది” అను మాటను ఋజువైన వానికే వాడుదము. వాడరాని చోట నేను వాడితిని.

ఆ బాలునితో ఇదంతయు చెప్పి, నా తప్పు నొప్పుకొంటిని. వాడు చాలసేపు మాటలాడలేదు. తరువాత మా వసారాలోని నల్లబల్లమీద తంతువులు చుట్టుకొనుటను గీయుచు, మూడు దిక్కులకు మించిన చోట అవి యేల తప్పిపోవునని అడుగుచు, దీపములు పెట్టు వేళ వరకు కూర్చుండెను. ఆదివారము వచ్చెదవా యని నేనడుగలేదు, వాడును చెప్పలేదు. వేసవి సెలవులలో మరల వచ్చెదనని మాత్రము చెప్పి పోయెను. నల్లబల్లను నేనింకను తుడువలేదు.