సర్వర్ చెప్పింది, మనమే వినలేదు

బెంజ్ సర్కిల్ దగ్గర నా రూమ్ నుంచి కాలేజీకి బస్సులో ముప్పావుగంట. వాన పడితే ఎంతసేపో చెప్పలేం. పోయిన సెమిస్టర్‌లో అలాంటి వాన రాత్రే, ప్రాజెక్ట్ సబ్మిషన్‌కి ముందురోజు, మా ల్యాబ్ సర్వర్ పడిపోయింది. కరెంట్ పోయింది, యూపీఎస్ ఖాళీ అయింది. కరెంట్ తిరిగొచ్చినా సర్వర్ లేవలేదు. క్లాస్ గ్రూప్‌లో ఒకటే గోల. పాపం ల్యాబ్ సార్ తడుస్తూ వెళ్లి పవర్ బటన్ నొక్కారు, మళ్లీ నొక్కారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ బూట్ డిస్క్ కనపడట్లేదు. "డిస్కులు పోయాయి, మన కోడ్ గోవిందా" అన్నాడు ఒకడు. ఆ రాత్రి ఎవ్వరం నిద్రపోలేదు.

రెండు రోజుల తర్వాత వచ్చిన సర్వీస్ అన్న బటన్ జోలికే పోలేదు. సర్వర్ వెనక ఖాళీగా ఉన్న ఒక పోర్ట్‌కి కేబుల్ పెట్టి, లాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచాడు. అందులో లాగ్ ఉంది. మదర్‌బోర్డ్ మీది బిళ్ల బ్యాటరీ వోల్టేజ్ తగ్గిపోతోందని సర్వర్ మూడు నెలల నుంచి రాసుకుంటూనే ఉంది! కరెంట్ ఉన్నన్నాళ్లూ ఏం కాలేదు. యూపీఎస్ కూడా ఆగిపోయేసరికి బయాస్ సెట్టింగులు చెరిగిపోయి, డిస్క్ కంట్రోలర్ మోడ్ మారిపోయింది. అన్న లాప్‌టాప్ నుంచే మోడ్ సరిచేసి, బ్యాటరీ మార్చాడు. డిస్కులకి ఏమీ కాలేదు. అంత టెన్షన్ ఒక బిళ్ల బ్యాటరీ కోసం.

ఆ పోర్ట్ వెనక ఉన్నది బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్, అంటే బీఎంసీ. సర్వర్‌లోనే ఉండే ఇంకో చిన్న కంప్యూటర్. అపార్ట్‌మెంట్‌లో అందరూ పడుకున్నా వాచ్‌మన్ మెలకువగా ఉన్నట్టు, సర్వర్ ఆఫ్‌లో ఉన్నా ప్లగ్‌లో కరెంట్ ఉంటే చాలు, ఇది పనిచేస్తుంది. ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం, వోల్టేజ్ చూస్తుంది. దూరం నుంచి ఆన్, ఆఫ్ చేయొచ్చు, బయాస్ స్క్రీన్ కూడా చూడొచ్చు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోయి బయాస్ పాడైతే, చాలా బోర్డుల్లో బీఎంసీయే మంచి కాపీని తిరిగి రాయగలదు. దానికి అసలు ప్రాసెసర్ లేవాల్సిన పనే లేదు. ఇదేం కొత్త విషయం కాదు. ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ కలిసి ఐపీఎంఐ ప్రమాణాన్ని తెచ్చింది 1998లో, అంటే మనం పుట్టకముందే. దాని తర్వాతి తరం రెడ్‌ఫిష్ 2015లో వచ్చింది.

మరి మనకెందుకు తెలీదు? ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాస్‌లో మన కథ బూట్‌లోడర్ దగ్గర మొదలవుతుంది. అంతకుముందు జరిగేదంతా "హార్డ్‌వేర్ వాళ్ల పని".

"ఇప్పుడంతా క్లౌడే కదా" అంటారు. క్లౌడ్ అంటే ఇంకొకరి సర్వరే. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయింది. అసలు నెట్‌వర్క్‌తో పాటు, ఇలాంటప్పుడు ఆదుకోవాల్సిన రెండో నెట్‌వర్క్ కూడా పడిపోయి, ఇంజనీర్లు డేటా సెంటర్లకి స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. అంటే రెండో దారి ఉంటే సరిపోదు, అది నిజంగా వేరే దారి అయి ఉండాలి.

మన ఊళ్లో ఇది ఇంకా ముఖ్యం. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్ నగర్‌ని ముంచినప్పుడు జనాన్ని పడవల్లో తరలించారు. అలాంటి రోజు సర్వర్ బటన్ నొక్కడానికి ఎవరు వెళ్తారు? అసలు ఎందుకు వెళ్లాలి? కరెంటే లేకపోతే బీఎంసీ కూడా ఏం చేయలేదు, నిజమే. కానీ యూపీఎస్ అయిపోయేలోపు సర్వర్‌ని పద్ధతిగా ఆపొచ్చు, కరెంట్ వచ్చాక ఇంట్లో కూర్చునే లేపొచ్చు.

నేను అడిగేవి మూడే. ఒకటి, ఆ ఖాళీ పోర్ట్‌కి కేబుల్ పెట్టండి. కానీ దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కి తగిలించొద్దు, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉంచొద్దు. బీఎంసీ దొరికినవాడికి సర్వర్ మొత్తం దొరికినట్టే. రెండు, హెచ్చరికలు ఒక మనిషికి మెయిల్‌లో వెళ్లేలా పెట్టండి. ఎవరూ చదవని లాగ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. మూడు, మాకు ఒక్క ల్యాబ్ క్లాస్ ఇవ్వండి. పాత సర్వర్ ఒకటి ఇస్తే చాలు, ఐపీఎంఐటూల్ ఉచితంగానే దొరుకుతుంది.

సబ్మిషన్ గడువు పొడిగించారు, మేం బతికిపోయాం. కానీ ల్యాబ్ సార్‌ని ఇంకోసారి ఆ వానలో పంపకూడదు.