కొలతల పుస్తకంలోకి ఎక్కని నాయకత్వం

నాయకత్వం ఎన్ని రకాలు? మూడు, అని తెర మీద పడింది. నిరంకుశం, ప్రజాస్వామికం, పట్టించుకోనితనం. ప్రభుత్వ నిర్మాణ శాఖల ఇంజనీర్లకు రెండు రోజుల శిక్షణ అది. సాహిత్యంలో డాక్టరేటు ఉంది కదా, 'మాట నేర్పు' మీద గంటసేపు చెప్పమని నన్నూ పిలిచారు.

"సైటులో గొంతు లేవకపోతే పని నడవదు మేడమ్" అన్నారొక ఈఈ గారు. అందరూ నవ్వారు. వెనక వరసలోని ముగ్గురు మహిళా ఇంజనీర్లు నవ్వలేదు. ముగ్గురూ డిజైన్లు, ఎస్టిమేట్ల సెక్షన్లలోనే ఉన్నారు. సైటు అడిగితే "మీకెందుకమ్మా ఆ ఎండ" అన్నారట.

ఆ మూడు రకాలూ ఎక్కడివో ఎవరూ చెప్పలేదు. అమెరికాలో కర్ట్ లెవిన్, ఆయన సహచరులు 1939లో ప్రచురించిన ప్రయోగం నుంచి వచ్చాయవి. అందులో ఉన్నది క్లబ్బుల్లో మాస్కులు చేసుకునే పదేళ్ల మగపిల్లలు! ఆ కొలబద్దతోనే మన ఆనకట్టలూ ఆస్పత్రులూ కట్టించేవాళ్లని కొలుస్తున్నాం.

భోజనాలయ్యాక పక్కనే కడుతున్న బ్లాకు వైపు నడిచాను. అదీ ప్రభుత్వ పనే. ఇసుక కుప్ప పక్కన, చీరతో కట్టిన ఉయ్యాలలో ఒక పసిపాప. తల్లి తట్ట దించి, "పొద్దుగూకేదాకా నీళ్లు తాగనమ్మా, పోయే చోటేదీ?" అంది.

యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని, మరుగుదొడ్లు ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టమే చెప్పింది. 2020 నాటి కోడ్‌లోనూ ఆ గది ఉంది. ఉన్నది కాగితం మీద.

ప్రభుత్వ పనిలో అధికారం గొంతులో లేదు, కొలతల పుస్తకంలో ఉంది. ఏఈ రాస్తాడు, డీఈ సరిచూస్తాడు, ఈఈ సంతకం పెడితే బిల్లు కదులుతుంది. కాంక్రీటు క్యూబు 28 రోజుల బలం చూపకపోతే బిల్లు ఆపగల కలం, మరుగుదొడ్డి లేదని ఎందుకు ఆగదు? ఎంత మృదువుగా మాట్లాడినా, ఆ బిల్లు మీద సంతకం పెట్టేవారిది నాయకత్వం కాదు. ఆ కుర్చీలో స్త్రీ కూర్చున్నా నేను అడిగేది ఇదే.

మాట నేర్పడానికి వెళ్లే మనం కూడా జవాబు చెప్పాలి. ఆ రోజు నా గంటలో నేను ఆ తల్లి మాట ఎత్తలేదు. పారితోషికం కవరు తీసుకుని వచ్చేశాను. మళ్లీ పిలిస్తే నా మొదటి ప్రశ్న: "మీ సైటులో ఆడవాళ్లు ఎక్కడికి వెళ్తారు?" బహుశా పిలవరు.